నలభై నిమిషాల గీత

జనవరి 19

ఒరేయ్ తమ్ముడూ,

బతికే ఉన్నాను, బాగానే ఉన్నాను. గాలివానకి బడి కప్పు మీద నాలుగు రేకులు లేచిపోయాయి. తంతి స్తంభాలు వరసగా పడుకున్నాయి, వాటిని లేపే నాథుడు లేడు. ఇక ఈ ఊరికి లోకంతో చుట్టరికం వారానికి రెండుసార్లు వచ్చే పోస్టు పడవ ఒక్కటే. నా జాబు నీకు చేరడానికి మూడు రోజులు, నీకు బద్ధకం వదలడానికి మూడు వారాలు. అయినా రాస్తున్నాను, అవసరం నాది కాబట్టి.

నాలుగో తరగతికి అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పాల్సి వచ్చింది. భూగోళం చెప్పే మాస్టారు కాలు విరిగి ఇంట్లో పడ్డాడు. పెద్దమాస్టారు తిన్నగా నా దగ్గరికొచ్చి, "మీ తమ్ముడు పటాలు గీసే ఆఫీసులోనే కదమ్మా" అన్నాడు. తమ్ముడు దర్జీ అయితే అక్కని చొక్కా కుట్టమన్నట్టుంది. లెక్కలు చెప్పుకుంటూ హాయిగా ఉన్నదాన్ని, ఇరుక్కుపోయాను.

నారింజపండు తెచ్చి చుట్టూ దారాలు కట్టి చూపించాను. అడ్డంగా చుట్టినవి అక్షాంశాలు, పైనుంచి కిందికి దిగినవి రేఖాంశాలు అన్నాను. పండు సంగతి అందరికీ అర్థమైంది, భూమి సంగతి ఒక్కరికీ కాలేదు. "గీత మా ఇంటి మీదుగా పోతే సున్నం వేసేటప్పుడు మా నాన్నకి కనపడాలి కదా టీచర్" అన్నాడొకడు. ఇంకొకడు మర్నాడు మోచేతుల దాకా మట్టితో వచ్చాడు. గీత కోసం పెరడు తవ్వాడట.

ముందు బెంచీలో గడియారాలు బాగుచేసే ఆయన కూతురు ఉంది. పొట్టి అని పిలిస్తేనే పలుకుతుంది. ఆ పిల్ల లేచి, "లేని గీత మీద నిలబడటం ఎలా టీచర్?" అంది. నలభై ఒక్కమంది నా నోటివైపే చూస్తున్నారు. గంట కొట్టి కాపాడారు.

నీకు ఎక్కాలు నేర్పింది నేను, వీపు మీద నాలుగు వేసి మరీ. ఇప్పుడు నువ్వు నాకు ఇది నేర్పు. కొట్టకు.

అక్క

జనవరి 27

అక్కా,

మూడు వారాలు కాదు, చేరిన మర్నాడే రాస్తున్నాను. నోట్ చేసుకో.

నారింజపండు తినెయ్. బెంచీలు చాలు. ముందునుంచి ఎన్నో వరస అన్నది అక్షాంశం. గోడ వైపునుంచి ఎన్నో చోటు అన్నది రేఖాంశం. "మూడు, అయిదు" అని నువ్వు అంటే తరగతి మొత్తంలో ఒక్క పిల్లే లేవాలి. ఇద్దరు లేచినా తప్పే, ఎవరూ లేవకపోయినా తప్పే. ఇంతకంటే ఏమీ లేదు, మేం దీనికే జీతాలు తీసుకుంటున్నాం.

తర్వాత నిమిషాలు. డిగ్రీ చాలా పెద్దది, అందులో ఊళ్ళకి ఊళ్ళు పడతాయి. అందుకని దాన్ని గంటలాగే అరవై నిమిషాలు చేశారు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద రెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ. అరవై, అక్కా. వంద కాదు. ఇది మాత్రం మేకు దిగినట్టు దిగాలి, పెద్దవాళ్ళు కూడా ఇక్కడే బోల్తా పడతారు. గడియారాలాయన కూతురికి చెప్పక్కర్లేదులే.

మీ ప్రాంతం పటం పంపుతున్నాను. అందులో అంతా ఒకే డిగ్రీ, కాబట్టి నిమిషాలు చూసుకుంటే సరిపోతుంది. మీ బడి అక్షాంశంలో ముప్పై ఎనిమిదో నిమిషం దగ్గర, రేఖాంశంలో నలభై ఒకటో నిమిషం దగ్గర ఉంది. ఎర్రచుక్క పెట్టాను. కల్పించిన అంకెలు ఇవ్వకు, పిల్లలకి వెంటనే విసుగొస్తుంది. ఏదైనా అసలు కాగితం మీది అసలు అంకెలు ఇచ్చి గుర్తుపెట్టించు.

పొట్టితో చెప్పు, లేని గీత మీద నిలబడలేం కానీ, అది ఫలానా చోట ఉందని అందరం ఒప్పుకుంటే ఉన్నట్టే అని. మా ఆఫీసు అంతా ఆ ఒప్పందం మీదే నడుస్తోంది.

ఇక్కడ ఊపిరాడని పని. నాలుగో అంతస్తు, కిందనుంచి దీపం వెలిగే అద్దం బల్లలు, కిటికీలకి నల్ల తెరలు. పై ఆఫీసరు, మేం కళ్ళజోడాయన అంటాం, గంటకోసారి వచ్చి భుజం మీంచి తొంగి చూస్తాడు. డిసెంబరులో ఒక్కరోజు పదకొండు కాగితాల అంకెలు మార్చి రాశాను. సాయంత్రానికి ఏం రాశానో కూడా గుర్తులేదు.

తమ్ముడు

ఫిబ్రవరి 8

బల్లల దొరకి,

నువ్వు గొప్పవాడివి, ఒప్పుకుంటున్నాను, ఈ వాక్యం చింపి దాచుకో. బెంచీల ఆట మొదలుపెట్టగానే తరగతి తరగతంతా లేచి కూర్చుంది. ఇప్పుడు ఎవరూ పేర్లతో పిలుచుకోవట్లేదు. "రెండు ఏడు నా పెన్సిల్ తీశాడు టీచర్" అని ఫిర్యాదులు.

అసలు కాగితం కోసం ఊరంతా వెతికాను. పోస్టాఫీసు గోడ మీద దొరికింది. సర్కస్ కాగితం సగం కప్పేసింది, పీకి చూస్తే కింద మీవాళ్ళ భాష. మార్చి 12 ఉదయం ఎనిమిది గంటలనుంచి ఫిరంగుల కాల్పుల సాధన, ఈ హద్దుల లోపల ఎవరూ ఉండరాదు అని. ఒక్క ఊరి పేరు లేదు, దిక్కు లేదు, ఉత్త అంకెలు. అక్షాంశం పదో నిమిషంనుంచి నలభయ్యో నిమిషం దాకా, రేఖాంశం ఇరవైనుంచి యాభై దాకా. నెలరోజులుగా అక్కడే ఉందట. అందరూ దాని పక్కనే నిలబడి బిళ్ళలు అంటించుకుని పోతున్నారు.

ఆ అంకెలు బోర్డు మీద రాసి, పటం మీద పెట్టె గియ్యమన్నాను. అందరికంటే ముందు పొట్టి గీసింది. గీసి, స్కేలు కింద పెట్టి, "టీచర్, మనం లోపలున్నాం" అంది. తరగతి గొల్లుమంది. వెనకబెంచీవాడు చెవులు మూసుకుని ఢాం అని కిందపడ్డాడు కూడా.

నేనూ చూశాను. ముప్పై ఎనిమిది నలభైకి ఇవతలే ఉంది మరి. నా కంటికీ లోపలే కనపడుతోంది. ఎక్కడో తప్పాం, కానీ ఎక్కడో తెలియట్లేదు. పొట్టి గీసిన కాగితం జతచేస్తున్నాను. తప్పు చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపు. అసలు మాస్టారు దిద్దితే వీళ్ళకి గర్వంగా ఉంటుంది.

నీ జవాబు కోసం నాకంటే వాళ్ళే ఎక్కువగా చూస్తున్నారు.

అక్క

ఫిబ్రవరి 16
అర్జంటు

అక్కకి,

పిల్ల గీసింది తప్పు. పటానికీ, ఆ కాగితానికీ లెక్క కట్టే పద్ధతి వేరు. అది మీకు అర్థమయ్యేది కాదు. మీ ఊరు హద్దుల లోపల లేదు.

బోర్డు తుడిచెయ్. ఆ కాగితాన్ని పాఠాలకి వాడకు. సర్కారు కాగితాలు పిల్లలకి ఇచ్చి ఆడించడం మంచిది కాదు. వేరే అంకెలు రాసి పంపుతున్నాను, అవి ఇవ్వు.

దీని గురించి ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడకు.

తమ్ముడు

ఫిబ్రవరి 23

నాయనా,

నీ జాబు అందింది. పన్నెండు వరసలు, లెక్కపెట్టాను. బాగున్నావా అని కూడా అడగలేదు.

నువ్వు చెప్పినట్టే చేశాను. తరగతిలో నిలబడి, పటాల ఆఫీసువాళ్ళు చెప్పారు, పొట్టి గీసింది తప్పు అన్నాను. ఆ పిల్ల కాగితం తీసి మళ్ళీ గీసింది. మళ్ళీ గీసింది. నాలుగుసార్లు గీసి, నాలుగుసార్లూ అదే రావడంతో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. వాళ్ళ నాన్న సాయంత్రం వచ్చి, "తప్పయితే ఎక్కడో చూపించండమ్మా, పిల్ల అన్నం ముట్టట్లేదు" అన్నాడు. చూపించలేకపోయాను. పద్ధతి వేరండీ అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి వెళ్ళిపోయాడు.

నీకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసులే. నీ విద్యని నేను నారింజపండ్లతో, బెంచీలతో ఆడించేశాను. మీ అద్దం బల్లల దగ్గర ఎవరో చూసి నవ్వి ఉంటారు, మీ అక్క ఇదా అని. నాకు అర్థమయ్యేది కాదు అన్నావు. వేళ్ళు మడిచి లెక్కపెట్టడం ఎవరు నేర్పారురా నీకు?

నువ్వు పంపిన వేరే అంకెలు ఇచ్చాను. ఎవరూ ఇష్టంగా గియ్యలేదు.

నీకు అర్థం కాని అక్క

మార్చి 1

అక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

పొట్టి తప్పు చెయ్యలేదు. తప్పు నాది.

ఆ పిల్ల కాగితాన్ని పటం మీద పెట్టి చూశాను, సరిగ్గా కూర్చుంది. అటక మీద కట్ట దింపి డిసెంబరు కాగితం తీశాను. నా చేతిరాతే. సర్వే చేసినవాళ్ళు హద్దుని డిగ్రీలో పదో వంతుల్లెక్కన ఇచ్చారు. దశాంశం నాలుగు అని ఉంది. అరవైలో పదింట నాలుగు వంతులంటే ఇరవైనాలుగు నిమిషాలు. నేను నలభై నిమిషాలు అని రాశాను. నాలుగు హద్దులకీ అలాగే రాశాను. అరగంటకి యాభై నిమిషాలు అని రాసినట్టు. నీకు వంద కాదు, అరవై అని పాఠం చెప్పాను చూడు, ఆ నేనే.

కాల్పులు జరగాల్సింది మీకు దక్షిణాన ఉప్పుమళ్ళ దగ్గర. అక్కడివాళ్ళని ఖాళీ చేయించారు. నా అంకెల వల్ల పెట్టె జరిగి మీ ఊరిని కప్పేసింది. తప్పు ఉత్త ప్రకటనలోనే అయితే కాగితం చింపేస్తే పోయేది. కానీ ఫిరంగులకి గురి కూడా ఆ అంకెలు పట్టుకునే పెడతారు.

ఫిబ్రవరి 16న నేను నీకు అబద్ధం రాశాను. పటాలు గీసేవాడికి తప్పు గీశాడన్న పేరు వస్తే ఇక అంతే. ఎలాగోలా ఎవరో కనిపెట్టి దిద్దేస్తారు, నా పేరు రాకుండా పోతుంది అనుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. నీ జాబు వచ్చాక, పిల్ల నాలుగుసార్లు గీసిందని చదివాక, నిన్న కళ్ళజోడాయన గదిలోకి వెళ్ళి చెప్పేశాను. ఆయన తలుపు మూశాడు. "ఎవరు పట్టుకున్నారు?" అన్నాడు. నాలుగో తరగతి పిల్ల అని చెప్పలేక, నేనే అన్నాను. ఆ కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంది. "చూద్దాం" అన్నాడు. మా ఆఫీసులో చూద్దాం అంటే ఏమిటో నీకు తెలీదు.

అందుకని నువ్వు చూద్దాం అనుకోకు. పన్నెండో తారీకు ఎనిమిది లోపల ఊరు వదలాలి. కొండవైపు, ఉత్తర దిక్కుకి పోండి. నలభయ్యో నిమిషం గీత మీకు నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. దాని మీద ఆగకుండా నలభై రెండు దాకా పోండి. అక్కడ తుప్పల మైదానం తప్ప ఏమీ లేదు.

నన్ను తిట్టు, కానీ కదులు.

తమ్ముడు

మార్చి 5

తిట్టడానికి నాకు మాటలు లేవు. మళ్ళీ దొరికితే వాడుకుంటాను.

పెద్దమాస్టారి దగ్గరికి వెళ్ళాను. "సర్కారు తన బడిని తనే పేలుస్తుందా అమ్మా" అని నవ్వాడు. పోస్టుమాస్టర్ దగ్గరికి వెళ్ళాను. "ఆ పిల్లది తప్పని మీరే కదండీ చెప్పింది" అన్నాడు. సంతలో నలుగురిని ఆపి చెప్పాను. నలుగురూ అదే మాట. మీరే కదండీ చెప్పింది. నీ అబద్ధాన్ని నా నోటితో ఊరంతా చాటాను, ఇప్పుడు నా నిజం ఎవరికీ అక్కర్లేదు.

పొట్టిని బోర్డు దగ్గరికి పిలిచి అందరి ముందూ క్షమించమని అడిగాను. నీ గీతే సరైనది, తప్పు మాది అన్నాను. ఆ పిల్ల నన్ను చూసి, "మరి నేను నాలుగుసార్లు వేశాను కదా టీచర్" అంది. అంతే అంది. నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దవాళ్ళని కదపలేను, పిల్లల్ని కదపగలను. పన్నెండున గీత చూడటానికి నడకపాఠం అని చెప్పాను. లేని గీత మీద నిలబడటానికి వెళ్తున్నామంటే ఎవరు రారు? అందరి ఇళ్ళకీ తిరిగి ఒప్పిస్తాను.

నువ్వు ఇక నాకు రాయకు. నీ మాట విని ఒకసారి ఆ పిల్లని ఏడిపించాను. ఇంకోసారి వినే ఓపిక నాకు లేదు.

అక్క

మార్చి 8
ఎంతో అర్జంటు. అందగానే విప్పు.

అక్కా,

నీనుంచి జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేను. ముందు ఇది చదువు: ఉత్తర దిక్కుకి పోవద్దు. ఊళ్ళోనే ఉండండి. ఊరు క్షేమం.

కళ్ళజోడాయన చూశాడు. చూసి మార్చాడు. పెట్టెని పాత చోటికి, ఉప్పుమళ్ళకి, మళ్ళీ దింపడానికి లేదు. ప్రకటనలో తమ భూమి లేదని తెలిసి అక్కడివాళ్ళంతా ఇళ్ళకి తిరిగొచ్చేశారు, మళ్ళలో పని నడుస్తోంది. అందుకని ఊరిని తప్పించి పెట్టెని పైకి జరిపారు. ఇప్పుడు నలభై ఒకటో నిమిషంనుంచి యాభై తొమ్మిది దాకా. మీ కొండ అవతలి తుప్పల మైదానం. నేను నిన్ను పొమ్మన్న చోటు.

తారీకు మారలేదు, సమయం మారలేదు. కొత్త ప్రకటన మీ పోస్టాఫీసుకి పన్నెండు దాటాక వచ్చే పడవలో వస్తుంది. ముందే పంపమన్నాను. "అక్కడ మనుషులెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. నేను నిన్ను అక్కడికి పొమ్మని రాశానని చెప్పాలి. చెబితే, ఆఫీసు తప్పుని బయటికి చెప్పినందుకు నన్ను అక్కడికక్కడే పట్టుకుంటారు, అప్పుడు ఈ జాబు కూడా పంపలేను. "ఎవరూ లేరండీ" అన్నాను.

ఇది రేపటి పడవలో ఎక్కుతుంది, పదకొండుకల్లా నీ చేతికి వస్తుంది. ఒకరోజు ముందే. లెక్క మూడుసార్లు చూసుకున్నాను. ఈసారి లెక్క సరిగ్గానే ఉంది.

పొద్దున్న తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చోండి. దూరంగా చప్పుళ్ళు వినపడతాయి. పిల్లల్ని బయటికి పంపకు. ఎవరినీ ఆ కొండ ఎక్కనివ్వకు. అక్కా, నేనే పొమ్మన్నాను, నేనే వద్దంటున్నాను, ఈ ఒక్కసారి నా మాట విను.

తమ్ముడు

మార్చి 12, ఉదయం అయిదున్నర

ఒరేయ్ తమ్ముడూ,

నీ జాబు నిన్న వచ్చింది. విప్పలేదు. కవరు మీద మళ్ళీ అర్జంటు అని ఉంది. పోయినసారి అలా రాసిందే అబద్ధం. మళ్ళీ నీకు భయం పట్టుకుని, పోవద్దు, ఊళ్ళోనే ఉండు, అంతా సర్దుకుంది అని రాసుంటావు. నువ్వు రాస్తే నేను నమ్ముతాను, నా బలహీనత అది. చిన్నప్పటినుంచీ అంతే. నమ్మితే పిల్లలు ఇళ్ళలోనే ఉంటారు. అందుకని సంచిలో పెట్టుకున్నాను. ఎనిమిది దాటాక, అవతల అందరం క్షేమంగా కూర్చున్నాక విప్పుతాను. అప్పుడు నువ్వు ఏం రాసినా నాకు కోపం రాదు.

అసలు కోపం పోయిందిరా. నిన్న ఇల్లిల్లూ తిరుగుతుంటే అనిపించింది, ఆ మార్చి ఒకటో తారీకు జాబు రాయడానికి నీకెంత కష్టమై ఉంటుందో. అది రాయకపోతే ఈపాటికి వీళ్ళందరూ మంచాల మీద పడుకుని ఉండేవాళ్ళు.

నలభై ఒక్కమందీ వచ్చారు. ఒక్కళ్ళు కూడా తగ్గలేదు. బడి ముందు వరసలు కట్టి నిలబడ్డారు, భుజాలకి సంచులు, సంచుల్లో రొట్టెలు. గడియారాలాయన కూడా వస్తున్నాడు, ఇంకా ఏడుగురు తల్లులు. పెద్దమాస్టారు ఆవలిస్తూ వచ్చి, నవ్వుతూనే గొడుగు తెచ్చుకున్నాడు. ఇంతమంది కదులుతారని నేను కలలో కూడా అనుకోలేదు.

ముందు పొట్టి నడుస్తోంది. పటం దాని చేతికే ఇచ్చాను, అడుగులు కూడా అదే లెక్కపెడుతుందట. నీ జాబులో నలభై రెండు దాకా అని ఉంది కదా, అది చూపిస్తే తల అడ్డంగా ఊపింది. "గీతకి దగ్గరగా వద్దు టీచర్. గురి తప్పితే? ఇంకా అవతలికి పోదాం, నలభై మూడు దాకా" అంది. ఈసారి ఆ పిల్ల మాట కాదనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నలభై మూడు దాకానే పోతున్నాం.

దారిలో పోస్టుడబ్బాలో ఇది వేస్తాను. పిల్లలు గోల చేస్తున్నారు, వెళ్ళాలి.

అక్క